పసుపు దీపం వెలిగిందని పర్సు తియ్యకు

బాబూ,

సెలవులకొచ్చి కూకట్‌పల్లిలో మా అక్కవాళ్లింట్లో ఉన్నాను. నిన్న మీ అమ్మగారు సకినాల డబ్బా పట్టుకుని వచ్చారు. డాలస్‌లో నువ్వు కొన్న పాత కారులో ఏదో పసుపు దీపం వెలుగుతోందట, నంబరు పి0420 అట, షాపువాడు 1,200 డాలర్లు అన్నాడట. చెబుతూనే ఫోన్‌లో రూపాయల్లోకి గుణించుకున్నారు. లెక్క లక్ష దాటేసరికి ఆవిడ మొహం చూడలేకపోయాను.

నేను 2005లో అమెరికా వెళ్లాను. డాలరు 44 రూపాయలున్న రోజులు. కారు కొన్న మూడో వారానికే నాకూ ఆ పసుపు దీపమే, అదే చెక్ ఇంజన్ దీపం, వెలిగింది. ఇంజనే పోయిందనుకుని షాపుకి పరిగెత్తాను. అక్కడివాడు స్టీరింగ్ కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్‌కి వైరు తగిలించి పి0455 అన్నాడు. అంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో బాగా లీకవుతోందని. వెనక్కి వెళ్లి ట్యాంకు మూత టకటకమనేదాకా తిప్పి బిగించాడు. 110 డాలర్లు! మన దగ్గర బంకు కుర్రాడే మూత పెడతాడు కదా, అప్పటిదాకా నా చేత్తో బిగించిన పాపాన పోలేదు. దగ్గర దగ్గర ఐదు వేల రూపాయలు. ఈ సంగతి మా నాన్నగారికి ఇప్పటికీ చెప్పలేదు.

అసలు దెబ్బ ఏడాది తర్వాత తగిలింది. నీకొచ్చిన నంబరే. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని దానర్థం. ఇంకో షాపువాడు మార్చాల్సిందే అన్నాడు, నేను తలూపాను. 1,300 డాలర్లు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు, రెండు పూటలా పెరుగన్నమే. ఆరు వారాలకు మళ్లీ అదే దీపం, అదే నంబరు. చివరికి ఒక చిన్న షెడ్డులో పెద్దాయన కారు పైకి లేపి, సైలెన్సర్ గొట్టం జాయింట్ దగ్గర నల్లటి మసిచార చూపించాడు. జాయింట్‌లో గాలి చొరకుండా ఉండే గ్యాస్కెట్ పోయి బయటి గాలి లోపలికి పోతోంది, దాంతో కన్వర్టర్ వెనకుండే ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెబుతోంది. 80 డాలర్లతో పోయింది. రాణీగంజ్‌లో పార్టులు బేరమాడి కొన్న వంశం నాది, అమెరికా వెళ్లి ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయాను.

ఆ నంబరు, అంటే కోడ్, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. "మూడో అంతస్తులో నీళ్లు కారుతున్నాయి సార్" అంటాడు. పైపు పగిలిందో, ఎవరో కుళాయి కట్టలేదో పైకెళ్లి మనమే చూసుకోవాలి. పి0301 వస్తే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదని. ఇంజన్ ఆపి, చల్లారాక నిప్పురవ్వ పుట్టించే ఆ సిలిండర్ కాయిల్‌ని రెండో సిలిండర్ కాయిల్‌తో మార్చి చూడు. నంబరు పి0302 అయితే దోషి కాయిలే. మీ తరం వాళ్లు ఇంత చూడరు, కార్డు గీకేస్తారు.

1996 నుంచి అమెరికాలో అమ్మే పెట్రోలు కార్లన్నిటిలో ఆ పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఓ చిన్న స్కానర్ కొనుక్కో, రెండు బిర్యానీల ఖర్చు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా రాసుకో, తప్పు దొరికిన క్షణంలో వేగం, ఇంజన్ వేడి ఎంతున్నాయో అందులో ఉంటాయి. దీపం ఆగకుండా మినుకుమినుకుమంటే మాత్రం బండి పక్కకాపు. అలాగే నడిపితే కన్వర్టర్ నిజంగానే కాలిపోతుంది, అప్పుడు ఆ 1,200 తప్పవు. ఎమిషన్ పరీక్షకి, అంటే పొగ పరీక్షకి, ముందు కోడ్ చెరిపేస్తే గట్టెక్కుతాననుకోకు. కారు తన సొంత పరీక్షల్ని చాలావరకు మళ్లీ పూర్తి చేసుకునేదాకా తిప్పి పంపేస్తారు. నేను రెండుసార్లు తిరిగొచ్చాను. మీ కౌంటీ రూల్స్ రాష్ట్రం సైట్‌లో ఉంటాయి, చూసుకో.

కారు ఎనిమిదేళ్లు, 80,000 మైళ్లు దాటకపోతే కన్వర్టర్‌కి కంపెనీ వారంటీ ఉంటుంది. ఏ సంవత్సరం మోడలో, ఎన్ని మైళ్లు తిరిగిందో రాత్రికి నాకు పంపు. షాపువాడి కాగితం మీద మాత్రం అప్పటిదాకా సంతకం పెట్టకు. మీ అమ్మగారికి నేనే ఫోన్ చేస్తాను.