ఏనుగును కొన్నాక అంకుశం: కారు నావిగేషన్ గురించి మేనకోడలికి ఉత్తరం

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. కారు ఏదో తేలిందన్నావు, రంగు తేలిందన్నావు, సీట్ల తోలు దగ్గర కూడా ఇద్దరికీ రాజీ కుదిరిందన్నావు. చివరికి పత్రంలో ఒక్క గడి మిగిలిపోయింది: కంపెనీవాళ్లే బిగించి ఇచ్చే నావిగేషన్ కావాలా, వద్దా. ఫోను చేతిలో ఉండగా దారి కోసం మళ్లీ డబ్బు పోయడమేమిటని నీ వాదన. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడతావా అని అల్లుడుగారి ఎత్తిపొడుపు. మధ్యలో తీర్పు చెప్పే పని నాకు అప్పగించారు.

సామెత నాకూ నచ్చింది. కానీ ఈ అంకుశానికి ఒక గుణముంది. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి మొన మొద్దుబారుతుంది. దాన్ని పదును పెట్టే సానరాయి మాత్రం ఏనుగును అమ్మినవాడి దగ్గరే ఉంటుంది.

ముందు నా తీర్పు చెప్పేస్తాను, కారణాలు తరువాత. నీకు దారి చూపడం ఒక్కటే దాని పని అయితే తీసుకోవద్దు. నీతో పాటు కారుకు కూడా ఆ మ్యాపు అవసరమైతే, అంటే గేర్ల పెట్టో, బ్యాటరీయో, వేగాన్ని సర్దే యంత్రమో ఆ మ్యాపును చదువుకుని పనిచేస్తుంటే, తీసుకో. షోరూములో ఈ రెంటినీ విడదీసి చెప్పేవాళ్లు అరుదు. పెద్ద తెర మీద నీలం గీతను చూపించి ఊరుకుంటారు.

ఒక సంస్థలో పెద్ద అధికారుల కార్ల బాగోగులు చూస్తూ ముప్పై ఏళ్లు గడిపానని నీకు తెలుసు. నావిగేషన్ ఉన్న కారు మొదటిసారి మా షెడ్డుకు వచ్చిన రోజు డ్రైవర్లతో పాటు నేనూ దాని చుట్టూ మూగాను. డిక్కీలో ఒక పక్కగా డిస్కు పెట్టే యంత్రం, ముందు అరచేతి అంత తెర. ఆ తరం యంత్రాల మీద నాకు ఇప్పటికీ గౌరవముంది. అవి ఆకాశాన్ని పూర్తిగా నమ్మేవి కావు.

హోండా 1981లో జపానులో తెచ్చిన ఎలక్ట్రో గైరోకేటర్‌కు అసలు ఉపగ్రహాలతో సంబంధమే లేదు. కారు ఎటు తిరిగిందో గైరోస్కోపు చెప్పేది, ఎంత దూరం కదిలిందో మరో సెన్సార్ చెప్పేది. ఆ రెంటినీ కలిపి, పారదర్శకమైన మ్యాపు రేకు వెనక తెర మీద కారు ఎక్కడుందో చూపేవారు. జీపీఎస్‌ను కారులోనే అమర్చి అమ్మడం 1990లో మాజ్దా యూనోస్ కాస్మోతో మొదలైంది. 1994లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో ఐరోపా విలాస కార్లలోకీ నావిగేషన్ వచ్చింది. అప్పటికి ఆకాశం నుంచి వచ్చే మాట కూడా అంత స్వచ్ఛమైనది కాదు. మామూలు జనానికి అందే సంకేతంలో అమెరికా కావాలనే తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ కల్తీ ఆపేశారు. వంద మీటర్లంటే నువ్వు పక్క వీధిలో ఉన్నట్టు చూపడమే కదా. ఆ తప్పును సర్దుకోవడానికి కార్లవాళ్లు చక్రాల లెక్కను, గైరోస్కోపును దగ్గర పెట్టుకున్నారు. ఆ పాత అలవాటే ఇవాళ్టికీ కంపెనీ నావిగేషన్‌కున్న అసలు బలం.

ఆ బలం ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. నువ్వెక్కడున్నావో తేల్చాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందాలి. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతాలు నేలను చేరేసరికి ఎంత నీరసిస్తాయంటే, వాటిని ఆపడానికి ఒక కాంక్రీటు కప్పు చాలు. ఒకసారి పొడవైన సొరంగంలో వెళుతున్నాను. లోపలే దారి రెండుగా చీలింది. ఫోనులోని బాణం సొరంగం మొదట్లోనే నిలబడిపోయింది, లోపలికి రావాలా వద్దా అని గుమ్మం దగ్గర తటపటాయించే చుట్టంలా. కారు తెర మాత్రం చీలిక రాకముందే ఎడమ వరుసలోకి రమ్మంది. దాని యాంటెన్నాకూ ఆకాశం కనబడదు. అయినా చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో బ్రేకుల సెన్సార్ల నుంచి దానికి తెలుస్తుంది, కారు ఎటు వొంగిందో గైరోస్కోపు చెబుతుంది. కళ్లకు గంతలు కట్టినా అడుగులు లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరేవాడి పని అది. భూగర్భ పార్కింగు నుంచి పైకి రాగానే ఎటు తిరగాలో తెలియక వెనక కార్ల చేత హారన్లు కొట్టించుకునే బాధ కూడా దీనితో చాలావరకు పోతుంది.

న్యాయంగా చెప్పాలంటే ఫోనులోనూ కదలికను పసిగట్టే సెన్సార్లున్నాయి. పైగా కొన్ని కార్లు ఫోనును కలిపినప్పుడు తమ యాంటెన్నా, వేగం వివరాలను ఫోనుకు అందిస్తాయి. నువ్వు చూస్తున్న కారు ఆ పని చేస్తే, నావిగేషన్‌కు వేరే డబ్బు కట్టకుండానే ఈ లాభంలో సగం నీకు దక్కినట్టే. అడిగి తెలుసుకో.

ఇక రెండో వైపు. ఆ అరచేతి తెర కారు మా దగ్గర ఏడేళ్లు ఉంది. ఇంజిను నిక్షేపంలా ఉండేది. మ్యాపు డిస్కు మాత్రం మూడో ఏటికే పాతబడింది. కొత్తగా వేసిన రోడ్డు ఎక్కితే తెర మీద మా కారు గుర్తు తెల్లటి బయలులో ఈదుతూ పోయేది, గొంతు మాత్రం ఆగకుండా వెనక్కి తిరగమని వేడుకునేది. వెనక సీట్లో అధికారి నవ్వేవారు, ముందు సీట్లో నేను సిగ్గుపడేవాణ్ని. కొత్త డిస్కుకు కంపెనీవాళ్లు చెప్పిన ధర వింటే, దాంతో మంచి ఫోనే కొనవచ్చనిపించింది. అదీ ఒక్కసారికి సరిపోయేది కాదు.

ఇప్పుడు డిస్కులు లేవు, మ్యాపులు గాలిలోంచి దిగుతున్నాయి. సంతోషమే. కానీ ఆ గాలి ఎన్నాళ్లు వీస్తుందో చూసుకోవాలి. సాధారణంగా మొదటి కొన్నేళ్లు ఉచితం, ఆ తరువాత చందా. కారులో సిమ్ కార్డు, మోడెమ్ ఉంటాయి కదా, వాటికీ ఆయుష్షు ఉంటుంది. 2022లో అమెరికాలో పెద్ద నెట్‌వర్కులు 3జీని మూసేసినప్పుడు, దాని మీదే ఆధారపడిన కార్లలో ట్రాఫిక్ సమాచారం లాంటి సేవలు మూగబోయాయి. కారు కదులుతూనే ఉంది, దాని చెవి పోయింది. జీపీఎస్‌లో ఇంకో చిత్రం ఉంది. పాత సంకేతం వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా దగ్గర మొదలుపెడుతుంది, అంటే ఇరవై ఏళ్లకు కాస్త తక్కువ. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. ఆ సంగతికి సిద్ధపడని పాత యంత్రాలు తేదీలు తప్పాయి. ఫోనైతే మూడు నాలుగేళ్లకు మారుస్తావు, దానితో ఈ జబ్బులన్నీ పోతాయి. డాష్‌బోర్డులో పాతుకుపోయిన యంత్రాన్ని మార్చాలంటే కారు పొట్ట కోయాలి. పదిహేనేళ్లు నడిచే వస్తువులో నాలుగేళ్లకు ముసలిదయ్యే వస్తువును పాతిపెట్టడం ఇది. ఈ లెక్క మనసులో ఉంచుకో.

అయితే మరి ఎందుకు తీసుకోమంటున్నాను, అదీ కొన్ని కార్లలోనే?

రోల్స్ రాయిస్ 2013లో రైత్ అనే కారు తెచ్చింది. ముందు వంపు ఉందా, ఎత్తు ఉందా అన్నది జీపీఎస్ ద్వారా చూసుకుని, అక్కడికి చేరకముందే తగిన గేరును ఎంచుకుంటుంది ఆ కారు. డ్రైవరు తెర వైపు కన్నెత్తి చూడకపోయినా మ్యాపు తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ ఆలోచన ఇప్పుడు చాలా విలాస కార్లలోకి పాకింది. వేగాన్ని తానే సర్దుకునే క్రూయిజ్ కంట్రోల్ వంపు రాకముందే నెమ్మదిస్తుంది, వేగ పరిమితి మారే చోట ముందే తగ్గుతుంది. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్ కార్లు చేసే డైమ్లర్ కలిసి నోకియా నుంచి హియర్ అనే మ్యాపుల సంస్థను కొన్నాయి. అమ్మకంలో బద్ధశత్రువులైన మూడు కంపెనీలు ఒక మ్యాపు కోసం చేతులు కలిపాయంటే, అది మనకు కుడి ఎడమలు చెప్పడానికేనంటావా?

నువ్వు కొనేది బ్యాటరీ కారైతే వాదన దాదాపు అక్కడే తేలిపోతుంది. చల్లగా ఉన్న బ్యాటరీ వేగంగా ఛార్జింగు తీసుకోదు. ఛార్జింగు కేంద్రం చేరేసరికి దాన్ని తగినంత వెచ్చగా ఉంచాలంటే, ఎప్పుడు చేరతావో కారుకు ముందే తెలియాలి. చాలా కార్లలో సొంత నావిగేషన్‌లో గమ్యంగా పెడితేనే ఆ వేడి చేసే పని దానంతట అది మొదలవుతుంది. ఫోనులో దారి చూసుకుంటూ వెళ్లావనుకో, నువ్వు ఎక్కడికి వెళుతున్నావో కారుకు కబురే ఉండదు. చలిరోజుల్లో ఆ తేడాతో ఛార్జింగు తీగ పక్కన ఎక్కువసేపు కాచుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఎత్తు ఎక్కితే ఎంత ఖర్చవుతుంది, దిగితే ఎంత తిరిగొస్తుంది, మధ్యలో ఎక్కడ ఆగాలి అన్న లెక్క కూడా బ్యాటరీ లోపలి సంగతి తెలిసిన యంత్రమే బాగా వేస్తుంది. ఇలాంటి కార్లలో నావిగేషన్ ఎక్కువగా కారుతోనే వస్తుంది. రాకపోతే అడిగి మరీ పెట్టించుకో.

పెట్రోలు కారైతే ఇంత స్పష్టంగా చెప్పలేను. ముందు అద్దం మీద బాణం వేసి చూపే ఏర్పాటు ఉంటే అది నాకు ఇష్టం. చూపు రోడ్డు మీదనుంచి కిందికి దిగదు. అది చాలాచోట్ల నావిగేషన్‌తో ఒకే ప్యాకేజీలో వస్తుంది. అలా వస్తే ప్యాకేజీ మొత్తానికి వెల కట్టు, నావిగేషన్‌కు విడిగా కట్టకు. నా మట్టుకు అయితే నావిగేషన్ వదిలేసి మంచి లైట్లు తీసుకునేవాణ్ని, కానీ నువ్వు రాత్రిళ్లు ఎంత తిరుగుతావో నాకు తెలియదు.

ఫోను మాటకు వద్దాం. ఐఫోనును కారు తెరకు కలిపే కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే పని చేసే ఆండ్రాయిడ్ ఆటో మరుసటి ఏడు వచ్చాక ఈ బేరం తీరే మారిపోయింది. ఫోనులోని మ్యాపే కారు తెర మీద కనబడుతుంది, దారిలో ఎక్కడ కార్లు ఆగిపోయాయో లక్షల మంది ఫోన్లే దానికి చెబుతుంటాయి. ఆ తాజాదనం కంపెనీ మ్యాపుకు అన్నిసార్లూ రాదు. కానీ ప్రతి కారులో ఈ సదుపాయం ఉంటుందనుకోకు. జనరల్ మోటార్స్ తన కొత్త బ్యాటరీ కార్లలో దీన్ని తీసేస్తానని 2023లో ప్రకటించింది. బీఎండబ్ల్యూ కొన్నాళ్లు కార్‌ప్లేకు ఏటా రుసుము వసూలు చేసి, 2019 చివర్లో ఆ పద్ధతి మానుకుంది. పోల్‌స్టార్ 2 అనే బ్యాటరీ కారులో అయితే 2020 నుంచి గూగుల్ మ్యాప్స్ కారులోనే కొలువుంది. అక్కడ నీ ప్రశ్నకే అర్థం లేదు. కాబట్టి గడిలో టిక్కు పెట్టే ముందు నీ ఫోను తీసుకెళ్లి కారుకు కలిపి చూడు. తీగ లేకుండా కలుస్తుందా, మళ్లీ కూర్చున్నప్పుడు తానే గుర్తుపడుతుందా చూడు. ఫోనును అద్దానికి తగిలించుకుని తిరగడం మాత్రం వద్దమ్మా. అంత కారులో అది పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంటుంది, పైగా ఎండకు వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది.

టెస్ట్ డ్రైవ్ సంగతి. వాళ్లు ఎప్పుడూ తీసుకెళ్లే దారిలో వెళ్లకు, ఆ దారిలో ఏ యంత్రమైనా బుద్ధిగానే ఉంటుంది. నీకు బాగా తెలిసిన, చేరడానికి మెలికలున్న చోటును గమ్యంగా పెట్టు. చేత్తో రాయకుండా నోటితో చెప్పి చూడు. మూడుసార్లు చెప్పినా అర్థం కాకపోతే, కొన్నాక ముప్పైసార్లు చెప్పినా కాదు. వెళుతూ వెళుతూ కావాలనే ఒక మలుపు తప్పు. కొత్త దారి వెయ్యడానికి ఎంతసేపు తీసుకుంటుందో అల్లుడుగారిని లెక్కపెట్టమను. ఈమధ్యే తెరిచిన రోడ్డేదైనా ఉంటే అక్కడికి తీసుకెళ్లు. కప్పు కింద పార్కింగులోకి దింపి, రెండు చుట్లు తిప్పి, పైకి తెచ్చి చూడు. సేల్స్‌మన్ విసుక్కుంటే విసుక్కోనీ.

తరువాత కూర్చుని రెండు ప్రశ్నలు అడుగు, జవాబు రాతపూర్వకంగా తీసుకో. మ్యాపులు ఎన్నేళ్లు ఉచితంగా మారుస్తారు? చందా ఆపేసిన రోజున మ్యాపు మామూలుగానైనా పనిచేస్తుందా, తెర నల్లబడుతుందా? రెండోదానికి నీళ్లు నమిలితే ఆ గడి ఖాళీగా వదిలెయ్యి. అమ్మేటప్పుడు దాని డబ్బు తిరిగొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. పాత కారు కొనేవాడు ఐదేళ్ల నాటి మ్యాపును చూసి పైకం పెంచడు.

పాత కారు అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు నువ్వు నడుపుతున్నదాన్ని ఇచ్చేసే ముందు అందులోని మ్యాపు జ్ఞాపకాన్ని తుడిచెయ్యి. సెట్టింగుల్లో అంతా మొదటికి తెచ్చే మీట ఉంటుంది. నేను ఉద్యోగం మానాక కొన్న సెకండ్ హ్యాండ్ కారులో ఒకరోజు పొరపాటున 'ఇల్లు' అన్న గుర్తు మీద వేలు పడింది. కారు తాపీగా దారి చెబుతూ పోయింది, ఎటు పోతున్నానో చూద్దామని నేనూ వెళ్లాను. ఒక గేటు ముందు ఆపి, ఇల్లు వచ్చేసిందంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచి, కారును గుర్తుపట్టి, చెయ్యి ఊపారు.

ఆశీస్సులతో,
మామయ్య