పూర్తయ్యాక గీసిన స్కెచ్‌లు

గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్నవారి ప్రశ్నలకు మా శీర్షిక రచయిత్రి జవాబులు. ఆమె హైదరాబాద్‌లో చాలా కాలం డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే) పని చేసి, ఇప్పుడు విద్యార్థులకు పాఠాలు చెబుతున్నారు.

ప్రశ్న: మేడమ్, నేను బీఎఫ్ఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. డిజిటల్ డిజైన్ క్లాసులో బోనాల మీద ఏ3 పోస్టరు, దానితోపాటు ప్రాసెస్ బుక్కు (ఆలోచన ఎలా సాగిందో చూపే పుస్తకం) చేయమన్నారు. పోస్టరు ఒక్క సాయంత్రంలో లాప్‌టాప్ మీద అయిపోయింది. పుస్తకంలో అతికించడానికి తర్వాత కూర్చుని పెన్సిల్‌తో స్కెచ్‌లు గీశాను. సార్ రెండు పేజీలు తిప్పి, "ఇవి ముందు గీసినవి కావు కదా" అన్నారు. ఆయనకు ఎలా తెలిసింది? నాకు ఆలోచన తెర మీదే వస్తుంది. అలాంటప్పుడు కాగితం మీద గీయడం వృథా కాదా?
– ఒక విద్యార్థిని, మలక్‌పేట

జవాబు: తెలియకపోతేనే ఆశ్చర్యపోవాలమ్మా. పోస్టరు అయిపోయాక గీసిన స్కెచ్‌లు మరీ బుద్ధిగా ఉంటాయి. మొదటి బొమ్మలోనే బోనం కుడివైపు ఉంటుంది, చివరి పోస్టరులోనూ అక్కడే ఉంటుంది, అదే వంపుతో. దారి తప్పిన బొమ్మ ఒక్కటీ కనిపించదు. కొట్టివేతలు ఉండవు. నిజంగా వెతుక్కున్నవాళ్ళ పేజీల్లో పనికిరానివే ఎక్కువ. మీ సార్ కూడా చదువుకునే రోజుల్లో ఇలాంటివి గీసే ఉంటారని నా అనుమానం. అందుకే రెండు పేజీలతో సరిపోయింది.

తెర మీద మొదలుపెట్టడం నేరమేమీ కాదు. తెరతో వచ్చే చిక్కు వేరు. ఐదు నిమిషాల్లో నీడలు పడతాయి, ఒక రంగు ఇంకో రంగులోకి కరుగుతుంది, అక్షరాలు నిగనిగలాడతాయి. ఆలోచన ఇంకా సగంలోనే ఉంటుంది, బొమ్మ మాత్రం పూర్తయినట్టు కనిపిస్తుంది. అంత అందంగా ఉన్నదాన్ని చెరిపేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అదే, మొద్దు పెన్సిల్‌తో అగ్గిపెట్టెంత గడి గీసి అందులో పోస్టరు వేసి చూడు. అంత చోటులో వేపాకు ఈనెలు గీయలేవు, ఫాంటు ఎంచుకోలేవు. ఏది పెద్దది, ఏది చిన్నది, ఖాళీ ఎక్కడ వదలాలి అన్నవి మాత్రమే తేల్చుకోగలవు. పోస్టరు నిలిచినా పడిపోయినా అక్కడే. పైగా గడి పాడైతే పక్కన ఇంకోటి గీసుకోవచ్చు, ప్రాణం ఉసూరుమనదు.

న్యూయార్క్ మీద ఇష్టాన్ని చెప్పే ఎర్ర గుండె గుర్తును టీషర్టుల మీద చూసే ఉంటావు. అది 1977 నాటి ప్రచారం కోసం మిల్టన్ గ్లేజర్ చేసినది. టాక్సీలో వెళుతూ ఎర్ర క్రేయాన్‌తో ఆయన కవరు మీద గీసిన చిత్తు ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. టాక్సీ సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు నచ్చే ముక్క దానికి ముందుది. అప్పటికే ఆయన ఇచ్చిన వేరే డిజైనుకు ఒప్పుకోలు వచ్చేసింది. అయినా ఆ పని ఆయన తలలోంచి దిగలేదు. నీ పోస్టరు సాయంత్రానికల్లా తలలోంచి దిగిపోయింది. నాకు పట్టింపు దానితోనే, కాగితంతో కాదు.

ఇక బోనాలు. నెట్‌లో ఆ మాట కొట్టగానే అందరికీ అవే వస్తాయి: పసుపు కుంకుమలు పెట్టిన కుండ, వేపమండలు, కొరడా పట్టిన పోతరాజు. క్లాసు మొత్తం ఆ కుండనే తిప్పి తిప్పి పెడుతుంది. ఆషాఢంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి మీదుగా లాల్‌దర్వాజ దాకా వచ్చే పండుగ ఇది. మీ ఇంటి నుంచి లాల్‌దర్వాజ ఎంత దూరమని? వెళ్ళి, ఫోను సంచిలో పెట్టి, కాసేపు ఊరికే నిలబడి చూడు. తల మీద కుదురు ఎలా చుట్టుకున్నారు? బోనం పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఉన్నప్పుడు గాజులు మోచేతి వైపు ఎంతవరకు జారుతున్నాయి? పైన దీపం ఆరకుండా నడక ఎలా మారుతోంది? ఇవి నీకు నెట్‌లో దొరకవు. దొరికినా అవి ఇంకెవరో చూసినవి.

ఒకసారి మా క్లాసులో ఒక అమ్మాయి ఇదే పండుగ మీద చేసింది. ఆమె పుస్తకంలో మొదటి పేజీల నిండా కుండలే, అన్నీ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. ఆ తర్వాత ఒక ఫొటో: వీధిలో ఎవరో బోనమెత్తుకున్న ఆమె పాదాల మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. ఫొటో కింద పెన్నుతో, "అమ్మవారు చల్లబడాలని పోస్తారట. అంటే కథ కాళ్ళ దగ్గర ఉంది" అని రాసుకుంది. ఆపైన కంప్యూటర్ మీద చేసిన మెట్లు వరసగా ఉన్నాయి. మొదట మనిషి మొత్తం, తర్వాత మోకాళ్ళ నుంచి, చివరికి పసుపు పాదాలు, తడిసిన తారు రోడ్డు, ఒక మూల చెంబు అంచు. మధ్యలో ఒకచోట ముఖం పెట్టి తీసేసింది. పక్కన "ముఖం ఉంటే చూపు కిందికి దిగడం లేదు" అని ఉంది. పోస్టరులో కుండ లేదు. ఇది బోనాలేనా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ముఖం తీసేసిన ఆ మెట్టుకే నేను ఎక్కువ మార్కులు వేశాను. నువ్వు చేయాల్సిందీ అంతే. ఆలోచన మలుపు తిరిగిన ప్రతిసారీ ఫైలును కొత్త పేరుతో దాచు, పాతదాని మీద రాయకు. ఎందుకు మార్చావో ఒక్క వాక్యం రాసిపెట్టు. "బాగా అనిపించలేదు" అని రాయకు, అది ఏ బొమ్మకైనా సరిపోతుంది. తెర మీదే ఆలోచిస్తానంటావా, అలాగే కానీ. మొదటి గంట నలుపు, తెలుపు, ఒక బూడిద రంగు తప్ప ఏదీ ముట్టుకోకు.

ప్రశ్న: ఫొటోషాప్‌లో 'స్త్రీ' అని టైపు చేస్తే అక్షరాలు విడిపోయి పొల్లులతో వస్తున్నాయి. అదే వర్డ్‌లో సరిగానే ఉంది. మిత్రులు పాత డీటీపీ ఫాంట్లు వాడమంటున్నారు. ఏం చేయాలి?
– పాలిటెక్నిక్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఫాంటును తిట్టకు నాయనా, దాని తప్పు లేదు. వత్తులు, గుణింతాలు ఎలా కూర్చాలో ఫొటోషాప్‌కు నువ్వు చెప్పాలి. నీది పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది. ఆ తర్వాతి వెర్షన్లలో దాన్నే వరల్డ్ రెడీ లేఅవుట్ అన్నారు. అది ఎంచుకుని కొత్త ఫైలు తెరువు. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ కనిపిస్తుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో ఈ తిప్పలు లేవు.

పాత అను ఫాంట్లతో నేను ఏళ్ళ తరబడి అన్నం తిన్నాను, వాటిని ఒక్క మాట అననివ్వను. అయినా నువ్వు వాడవద్దు. వాటిలో టైపు చేసినది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాదు. ఫాంటు మార్చావంటే తెలుగు పోయి రోమన్ అక్షరాల గందరగోళం మిగులుతుంది. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉచితంగా ఉన్నాయి. శీర్షికకు బరువు కావాలంటే రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి ప్రయత్నించు. ఏ ఫాంటు దించుకున్నా ముందు 'స్త్రీ', 'జ్ఞానం', 'కృష్ణ' టైపు చేసి చూడు. అవి గట్టెక్కితే మిగతావీ గట్టెక్కుతాయి.

ఇంకోటి, అడగకపోయినా చెబుతాను. ఈ సాఫ్ట్‌వేర్లు తమంతట తాము వరసల మధ్య ఇచ్చే ఎడం అక్షరం సైజుకు 120 శాతం. రోమన్ లిపికి అది చాలు. తెలుగులో పై వరస వత్తు దిగి కింది వరస గుడిని గుద్దుతుంది. 150 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూసుకో. అక్షరాల మధ్య ఎడాన్ని లాగి సాగదీసే ఇంగ్లిష్ పోస్టర్ల అలవాటును తెలుగులోకి తేకు, మాట ముక్కలైపోతుంది.

వీలైతే పాతబస్తీలో ఛత్తా బజార్ తిరిగి రా. పెళ్ళిపత్రికల ముద్రణకు, ఉర్దూను చేత్తో అందంగా రాసే కాతిబులకు పేరుపడిన చోటు అది. మన ఊళ్ళో ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ కలిసి బతకాలి. తెలుగు గుండ్రంగా కూర్చుంటుంది, ఉర్దూ కుడి నుంచి ఎడమకు వాలుగా జారుతుంది, ఇంగ్లిష్ నిటారుగా నిలబడుతుంది. మూడింటినీ ఒకే సైజు అంకెతో పెడితే ఒక్కటీ సమానంగా కనిపించదు. మంచి పెయింటర్ చేత్తో రాసిన పాత దుకాణం బోర్డు ముందు నిలబడి, అతను ఏ లిపికి ఎంత చోటు ఇచ్చాడో కొలుచుకో.

ప్రశ్న: తెర మీద వేపాకు పచ్చ మెరిసిపోయింది. ప్రింటులో చచ్చిపోయింది. షాపువాళ్ళు మోసం చేశారా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: పాపం, వాళ్ళననకు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటు సిరాతో చూపిస్తుంది. మెరిసే పచ్చలు, నీలాలు సిరాకు అందవు. ఫైలు మొదట్లోనే సీఎంవైకే (ముద్రణలో వాడే నాలుగు సిరాల పద్ధతి) చూపులో పెట్టుకుని పని చెయ్యి, లేకపోతే లేని రంగుతో ప్రేమలో పడతావు. పసుపు అంతగా మోసం చేయదు, బోనాల పోస్టరుకు అదొక అదృష్టం. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఏ3 అంటే 3508, 4961 పిక్సెళ్ళు ఉండాలి. చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదులు. చిన్న నల్ల అక్షరాలు ఒక్క నలుపు సిరాతోనే పడేలా చూడు. నాలుగు సిరాలూ కలిస్తే అంచులు మసకబారతాయి. పెద్ద ప్రింటు ఇచ్చేముందు, రంగు ముఖ్యమైన ముక్కను ఏ4 మీద తీయించి పగటి వెలుతురులో చూడు.

ప్రశ్న: ఏఐతో చేసిన బొమ్మ ప్రాజెక్టులో పెట్టవచ్చా?
– పేరు రాయలేదు

జవాబు: మీ సార్‌ను అడుగు. ఒప్పుకుంటే, ఏం అడిగావో, ఏం వచ్చిందో, అందులో ఏం పారేశావో ప్రాసెస్ బుక్కులో పెట్టు. చెప్పకుండా పెడితే తెలుగు అక్షరాలే పట్టిస్తాయి. ఆ బొమ్మల్లోని బోర్డుల మీద ఏ భాషలోనూ లేని వత్తులు తరచూ కనిపిస్తుంటాయి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి డిజైన్ కోర్సులో చేరాడు. లక్ష రూపాయల లాప్‌టాప్ లేకపోతే చదువు సాగదంటున్నాడు. రాత్రంతా కూర్చుని ఒక్క అక్షరాన్ని అటూ ఇటూ జరుపుతుంటాడు. అది చదువేనా?
– ఒక తండ్రి, బోయినపల్లి

జవాబు: చదువేనండీ. అక్షరం జరిపే పని పట్టుకున్న పిల్లవాడు త్వరగా వదలడు, మీరు కాస్త ఓపిక పట్టాలి. నిద్ర సంగతి మాత్రం మీరు గట్టిగా చెప్పవచ్చు. ఉదయం లేచి చూస్తే రాత్రి జరిపిన అక్షరాల్లో సగం మళ్ళీ వెనక్కి వెళతాయి.

లాప్‌టాప్‌కు లక్ష అక్కర్లేదు. పోస్టర్లు, పుస్తకాల పనికి 16 జీబీ ర్యామ్, రంగులు సరిగా చూపే తెర ఉంటే మొదటి సంవత్సరాలు హాయిగా గడుస్తాయి. వీడియో, త్రీడీ పనులకు వెళ్ళినప్పుడు మళ్ళీ ఆలోచించుకోవచ్చు. ఇంక్‌స్కేప్, జింప్, క్రిటా ఉచితం. అడోబీవాళ్ళు విద్యార్థులకు ధర తగ్గించి ఇస్తారు. వాడిన యంత్రమైనా నాకు అభ్యంతరం లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్ళేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకెళ్ళండి. తను చేసిన బరువైన ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రమ్మనండి. కొనబోయే యంత్రంలో అది తెరిచి, నాలుగు అక్షరాలు అటూ ఇటూ జరిపి చూశాకే బేరం మొదలుపెట్టండి.