పంచాయతీ లేని ఊళ్లో మాజీ సర్పంచ్

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి ఊరి నుంచి ఒక మాజీ సర్పంచ్ రాశారు. మహిళలకు కేటాయించిన స్థానంలో 2019 జనవరిలో గెలిచిన ఆమె పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఊరి పంచాయతీ రద్దయి పక్క మున్సిపాలిటీలో కలిసిపోయింది. వైకుంఠధామం (శ్మశానవాటిక) పనుల కోసం మరిది దగ్గర తెచ్చిన ఆరు లక్షల రూపాయలకు బిల్లు ఇంతవరకు రాలేదు. ఆమె గడప దాటుతానన్నప్పుడల్లా భర్త ‘ఆరు లక్షలు ముంచినవ్, ఇగ ఇంట్ల కూసో’ అంటున్నారు. 2025 డిసెంబరు నుంచి సరిగా నిద్ర పట్టడం లేదని, పదవి కోసం ఏడుస్తోందని నవ్వుతారేమోనన్న సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేకపోతున్నానని రాశారు.

అమ్మా,

ముందు ఆ సిగ్గు సంగతి మాట్లాడుకుందాం. ఎన్నికల్లో ఓడినవారికి మళ్లీ నిలబడే ఆశయినా మిగులుతుంది. మీరు ఓడిపోలేదు, మీరు కూర్చున్న కుర్చీయే లేకుండా పోయింది. నగరం చుట్టూ ఉన్న 51 గ్రామపంచాయతీలను ఒక్కసారిగా మున్సిపాలిటీల్లో కలిపారు. ఏడాది దాటిందో లేదో, శివారులోని 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపారు. అంటే మీ ఊరి బోర్డు మీద పేరు ఏడాదిన్నరలోపే రెండుసార్లు మారింది. 2025 డిసెంబరులో తక్కిన పల్లెల్లో మూడు విడతలుగా సర్పంచ్ ఎన్నికలు జరుగుతుంటే, మీ వాడకట్టులో మైకు చప్పుడు కూడా వినిపించి ఉండదు. మీకు నిద్ర దూరమైంది సరిగ్గా ఆ నెల నుంచేనని మీరే రాశారు, కాని ఆ రెండింటినీ కలిపి చూసుకున్నట్టు లేరు. ఇది పదవీ వ్యామోహమని నేను అనుకోవడం లేదు. మొదటి రెండేళ్లు భర్త చూపించిన చోట సంతకం పెట్టిన మనిషి, మూడో ఏడు, జరిగిన పని కొలతలు రాసే ఎంబీ పుస్తకం చదివి చూడనిదే సంతకం పెట్టనని ఇంజినీరు ముందు అనగలిగిందంటే, ఆమె సంపాదించుకున్నది కుర్చీ ఒక్కటే కాదు. దాన్ని వాడుకునే చోటు లేకుండా పోయినందుకు కలిగే దుఃఖం న్యాయమైనదే.

మీ భర్త గురించి మీరు కోపంగా రాశారు, ఆ కోపానికి కారణం ఉంది. అయితే మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది. ఊరంతా ‘సర్పంచ్ సాబ్’ అని పిలిచింది ఆయననేనట! చట్టం మిమ్మల్ని సర్పంచ్‌ను చేస్తే ఊరు ఆయనను చేసింది. ఇలాంటి ఇళ్లు మన దగ్గర కొల్లలు. ఇప్పుడు హోటల్ దగ్గర ఆయనకు కుర్చీ జరిపేవారు లేరు, ఫోను మోగడం లేదు. తనదని చెప్పుకోవడానికి వీల్లేని పదవి పోయిన బాధను ఆయన అప్పు పేరుతో మీ మీద తీర్చుకుంటున్నారని నాకనిపిస్తోంది. ఇది గ్రహిస్తే ఆయన మాట గుచ్చుకోవడం కొంత తగ్గవచ్చు. అంతమాత్రాన ఆ మాటను భరించమని నేను చెప్పను. ‘బాకీ గురించి ఆదివారం కూర్చొని లెక్కలు చూద్దాం, నేను బయటికి వెళ్లడానికీ దానికీ సంబంధం లేదు’ అని ఒకసారి స్థిరంగా చెప్పండి, తర్వాత ఎన్నిసార్లు ఎత్తినా అదే మాట మీద ఉండండి. మీ ఇంట్లో అప్పు మాట, గడప దాటే మాట ఒకే ముడిలో పడ్డాయి. ఆ ముడి విప్పకపోతే రేపు బిల్లు వచ్చినా మీకు ఇంకొక కారణం చూపిస్తారు.

ఇక ఆ ఆరు లక్షలు. సొంత డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు పెట్టి పనులు చేయించి, బిల్లుల కోసం రోడ్డెక్కిన మాజీ సర్పంచులు రాష్ట్రమంతటా ఉన్నారు. కనుక ఇది మీ చేతకానితనం కాదని ముందు మీ మరిదికి తెలియాలి. పంచాయతీ రద్దయినంత మాత్రాన మీరు చేయించిన పని లేకుండా పోదు. పని చేయాలన్న తీర్మానం నకలు, ఎంబీలో కొలతలు ఎక్కిన పేజీ, సిమెంటు, ఇసుక, కూలీల రసీదులు, ఉంటే ఫొటోలు ఒక ఫైలులో చేర్చండి. పంచాయతీ రికార్డులు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉన్నాయో అక్కడ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒక ప్రతి జిల్లా పంచాయతీ అధికారికి పంపండి. జవాబు రాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. బిల్లు ఏ దశలో ఆగిందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద అడగండి, మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. డబ్బు త్వరగా వస్తుందని నేను మాట ఇవ్వలేను. కాబట్టి మరిదికి నెలకు ఎంత ఇవ్వగలరో మీ భర్త ఎదుటే తేల్చి, కాగితం మీద రాసుకోండి.

పింఛను కాగితం పట్టుకుని వచ్చిన ముసలామెను ‘ఇప్పుడు నాతో ఏం కాదవ్వా’ అని తిప్పి పంపానని బాధపడ్డారు. ఇప్పుడు ఏ పనికి ఏ ఆఫీసుకు పోవాలో మీ ఊళ్లో చాలామందికి తెలియదు. ఇంటి పన్ను కట్టే చోటు మారింది, పల్లెలకు ఉన్న ఉపాధి హామీ పని పోయింది, పల్లెల్లో సంఘాలను నడిపించే ఐకేపీ వాళ్లు చూసిన మహిళా సంఘాలు పట్టణ విభాగం కిందికి వెళ్లాయి. సంఘంలో మీరు ఇప్పటికీ సభ్యురాలే కదా, ముందుగా దాని నెల సమావేశానికి వెళ్లండి. దరఖాస్తు రాసిపెట్టండి, ఏ గదికి పోవాలో చెప్పండి, పని చేయించిపెడతానని మాత్రం ఒప్పుకోవద్దు, ఆటో ఖర్చు కూడా తీసుకోవద్దు. ఒకసారి పైరవీకారు పేరు పడితే మీ ఐదేళ్ల మంచిపేరు మిగలదు. కార్పొరేటర్ టికెట్ అడగమని ఎవరో చెబుతున్నారని రాశారు. నిద్ర కుదుటపడి, అప్పు ఒక దారికి వచ్చేదాకా ఆ ఆలోచన పక్కన పెట్టండి.

నిద్రలేమి, కారణం తోచకుండా వచ్చే ఏడుపు ఇన్ని నెలలుగా ఉన్నాయి కనుక దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి. అంతకుముందే 14416 నంబరుకు, అంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు ఉండదు. బతికి ఏం లాభమన్న ఆలోచన వస్తే ఆ పూటే చేయండి.

దరఖాస్తు ఇవ్వడానికి వెళ్లే రోజు మీ మరిదిని వెంట తీసుకెళ్లండి. మీ భర్త నేనూ వస్తానంటే రానివ్వండి, కాని అధికారి ముందు ఫైలు మీ చేతిలోనే ఉండాలి.