ఉపగ్రహాల ఇంజిన్లపై పనిచేయాలంటే ఏ బ్రాంచ్ తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. ఉపగ్రహాల ఇంజిన్ల మీద పనిచేస్తానని పట్టుబట్టి కూర్చుంది. రాకెట్ ఒకసారి పైకి చేర్చాక ఉపగ్రహం దానంతటదే తిరుగుతుంది కదా, ఇక ఇంజిన్‌తో పనేముంటుంది? ఇంత చిన్న రంగాన్ని నమ్ముకుని ఏరోస్పేస్‌లో చేరితే రేపు ఉద్యోగానికి ఇబ్బంది పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీరన్నదాంట్లో సగం నిజమే. 400 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగం అందితే చాలు, ఇంజిన్ లేకుండానే ఉపగ్రహం తిరుగుతుంది. ఆ ఎత్తులోనూ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. అంటే అది ప్రతి క్షణం కిందికి పడుతూనే ఉంటుంది. పక్కకు అంత వేగంగా పోతోంది కాబట్టి నేలకు తగలకుండా చుట్టూ తిరుగుతుంది.

మిగతా సగమే మీ అమ్మాయి కోరుకుంటున్న రంగం. చేర్చిన చోట ఉపగ్రహం అలాగే ఉండిపోదు. తక్కువ ఎత్తులో పలుచటి గాలి దాన్ని వెనక్కి లాగుతుంది. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2009లో ప్రయోగించిన గోచే ఉపగ్రహం సుమారు 255 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతూ భూమి ఆకర్షణను కొలిచింది. దాని అయాన్ ఇంజిన్ (కరెంటుతో వాయువును వెనక్కి చిమ్మే ఇంజిన్) గాలి ఎంత ఆపితే అంతే తోస్తూ వచ్చింది. 2013 అక్టోబరులో అది చిమ్మే జినాన్ వాయువు అయిపోయింది. మూడు వారాలకే ఉపగ్రహం వాతావరణంలోకి పడిపోయింది.

35,786 కిలోమీటర్ల ఎత్తున, ఉపగ్రహం నేల మీది నుంచి ఒకే చోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్యలో గాలి బెడద లేదు. అక్కడ చంద్రుడు, సూర్యుడు కక్ష్యను ఏటా కొంచెం వంచుతారు. భూమి సరిగ్గా గుండ్రంగా లేకపోవడం వల్ల ఉపగ్రహం తూర్పుకో పడమరకో కూడా జరుగుతుంది. కింద డిష్ యాంటెన్నాలు కదలవు కాబట్టి పైనున్నది తన చోటు దాటకూడదు. దాన్ని అక్కడే ఉంచడానికి ఏడాది మొత్తానికి కలిపి సెకనుకు సుమారు 50 మీటర్ల వేగం మార్పు కావాలి.

ఇక్కడ మీ అమ్మాయి చేత ఒక లెక్క చేయించండి. రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం చాలు, అందులో ఉన్నది ఆమెకు ఇప్పటికే తెలిసిన లాగరిథమే. ఇంధనంతో కలిపి 2,000 కిలోల ఉపగ్రహం 15 ఏళ్లు పనిచేయాలి, అంటే సెకనుకు 750 మీటర్ల మార్పు. వాయువును సెకనుకు 2.9 కిలోమీటర్ల వేగంతో వదిలే రసాయన ఇంజిన్‌కు సుమారు 450 కిలోల ఇంధనం పడుతుంది. సెకనుకు 16 కిలోమీటర్లతో వదిలే విద్యుత్ థ్రస్టర్‌కు (కరెంటుతో నడిచే చిన్న ఇంజిన్‌కు) 90 కిలోల చిల్లర సరిపోతుంది. ఈ తేడా తనంతట తాను తేల్చుకున్నాక ఆమె కళ్లు వెలిగాయా లేదా చూడండి. ఏ ఆప్టిట్యూడ్ పరీక్ష కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

మరి అందరూ విద్యుత్ థ్రస్టర్లే ఎందుకు వాడరని ఆమె అడిగితే ఇంకా మంచిది. విద్యుత్ థ్రస్టర్లలో ఒక రకమైన హాల్ థ్రస్టర్ ఒకటి కిలోవాట్ పైచిలుకు కరెంటు తీసుకుని 80 మిల్లీన్యూటన్ల తోపు ఇస్తుంది. అరచేతిలో రెండు తెల్లకాగితాలు పెడితే ఉండే బరువు అంతకన్నా కాస్త ఎక్కువే. త్వరగా కక్ష్య మార్చాలంటే రసాయన ఇంజినే కావాలి. కానీ ఓపిక ఉంటే ఆ కాస్త తోపే ఎంత పని చేస్తుందో 2010 ఆగస్టులో అమెరికా వైమానిక దళం ప్రయోగించిన సైనిక సమాచార ఉపగ్రహం ఏఈహెచ్ఎఫ్-1 చూపించింది. దాని ప్రధాన ఇంజిన్ పనిచేయలేదు. ఇంజినీర్లు హైడ్రజీన్ అనే రసాయన ఇంధనంతో నడిచే చిన్న థ్రస్టర్లతో కక్ష్యను కొంత లేపి, మిగతా దూరమంతా హాల్ థ్రస్టర్లతో నెలల తరబడి నెట్టుకొచ్చారు. 2011 అక్టోబరుకు అది చేరాల్సిన చోటికి చేరింది.

ఇప్పుడు బ్రాంచ్ సంగతి. డిగ్రీలోనే ఏరోస్పేస్ తీసుకోవాలన్న నియమం ఏమీ లేదు. హైడ్రజీన్ ఇరిడియం పూత ఉన్న ఉత్ప్రేరకానికి తగిలి వేడి వాయువుగా విడిపోవడం కెమికల్ వాళ్ల విద్య. వాల్వులు, ట్యాంకులు, పైపులు, వేడిని తట్టుకునే లోహాలు మెకానికల్ వాళ్లవి. విద్యుత్ థ్రస్టర్లకు ప్లాస్మా (అయాన్లుగా విడిపోయిన వాయువు) గురించి తెలిసిన ఫిజిక్స్ వాళ్లు, పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఎలక్ట్రికల్ వాళ్లు కావాలి. నా సలహా అయితే, వీటిలో ఆమెకు నిజంగా ఇష్టమైన బ్రాంచ్‌లో డిగ్రీ చేసి, మాస్టర్స్‌లో ప్రొపల్షన్ (ఇంజిన్ల విద్య) వైపు రావడం మంచిది. మధ్యలో మనసు మారినా చదువు చేతిలో ఉంటుంది.

గణితం ఇష్టమైతే కంట్రోల్ సెంటర్‌లో మరో పని ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. బరువు తెలియని స్థితిలో ద్రవం ట్యాంకు అడుగున నిలవదు, అందుకే ఎంత మిగిలిందో మామూలు గేజీతో కొలవలేరు. ఇంజిన్ వెలిగించిన ప్రతిసారీ ఎన్ని సెకన్లు మండిందో పద్దు రాసుకుంటూ, ట్యాంకులోని ఒత్తిడి, ఉష్ణోగ్రతలతో సరిచూసుకుంటూ అంచనా వేస్తారు. చివర్లో భూస్థిర ఉపగ్రహాన్ని సుమారు 300 కిలోమీటర్లు పైకి, ఎవరికీ అడ్డులేని కక్ష్యలోకి పంపడానికి కొంత మిగల్చాలి. ఆ లెక్కలో కొన్ని కిలోలు తప్పితే నెలల సేవ పోతుంది.

ఉద్యోగాల భయం గురించి: రంగం మీరనుకున్నంత చిన్నది కాదు. ఇంటర్నెట్ అందించే ఒక్క స్టార్‌లింక్ ఉపగ్రహాలే వేలల్లో ఉన్నాయి, ప్రతిదానికీ విద్యుత్ థ్రస్టర్ ఉంటుంది. ఎదుటి ఉపగ్రహాన్నో శకలాన్నో తప్పించుకోవడానికి కూడా అదే దిక్కు. అయితే ఒక ఇబ్బంది ముందే తెలియాలి. ఈ సాంకేతికత క్షిపణులకు దగ్గరిది కాబట్టి దేశాలు దీన్ని గట్టిగా కాపాడుకుంటాయి. అమెరికాలో ఇలాంటి ఉద్యోగాలు చాలావరకు పౌరులకు, శాశ్వత నివాసులకే దొరుకుతాయి. పైచదువులకు విదేశం అనుకుంటే, చదువయ్యాక అక్కడ పని చేయనిస్తారా అన్నది ఫీజుల కన్నా ముందు కనుక్కోండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాలు కాదు, ల్యాబ్ చూపించమనండి. థ్రస్టర్‌ను నడిపి చూసే వ్యాక్యూమ్ చాంబర్ ఉందా, విద్యార్థులు క్యూబ్‌శాట్ లాంటి చిన్న ఉపగ్రహం మీద పనిచేస్తున్నారా అని అడగండి. ఈ ప్రశ్నలు మీరు కాకుండా మీ అమ్మాయే అడగాలి. జవాబిచ్చేది ప్రొఫెసర్ కాకుండా అక్కడ చేతులతో పనిచేస్తున్న మూడో ఏడాది విద్యార్థి అయితే ఇంకా మేలు.