గూగుల్ డ్రైవ్ ఉండగా హార్డ్ డిస్క్ కొనాలా?

కొనండి. ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ గూగుల్ డ్రైవ్‌కి సింక్ అవుతున్నాయి, మళ్ళీ హార్డ్ డిస్క్ దండగ కాదా అని అడిగారు. సింక్ అంటే ఇక్కడ ఏం జరిగితే అక్కడా అదే జరగడం. ఇంట్లో పిల్లలు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే డ్రైవ్‌లోదీ పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, నిజమే, కానీ పోయిందని మనకు తెలిసేది ఎప్పుడండీ, వీసాకి పాత సర్టిఫికెట్ కావాల్సొచ్చినప్పుడు కదా.

నాది డీటీపీ సెంటర్. రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వస్తుంటాయి, వాటితో పాటే వైరస్‌లూ. మా పక్క షాపాయన ఓ రోజు పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏదో వింత ఎక్స్‌టెన్షన్, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు కట్టమని ఒక టెక్స్ట్ ఫైలు. ఆయన బ్యాకప్ తీసుకోని మనిషేం కాదు, కాకపోతే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎప్పుడూ సీపీయూకి తగిలించే ఉండేది, దాంతో అందులోవీ లాక్ అయిపోయాయి. అందుకే కాపీ అవగానే డిస్క్ పీకేయాలి. నా దగ్గర రెండున్నాయి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో బీరువాలో, వారం వారం మారుస్తుంటాను. గూగుల్ డ్రైవ్ కూడా మానేయక్కర్లేదు, దొంగలు పడినా నిప్పంటుకున్నా అది మిగులుతుంది, కాకపోతే ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిలూ ఫోటోలూ అన్నీ సర్దుకోవాలి.

ఇంకోటి, కాపీ అయింది కదా అని వదిలేయకుండా వేరే కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూడండి. ఒకసారి పాత పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు కొత్త సిస్టమ్‌లో తెరిస్తే శుభలేఖంతా ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు! ఫైలు బాగానే ఉంది, ఆ సిస్టమ్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లు లేవంతే. అవి ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు చూపించే యూనికోడ్ ఫాంట్లు కావు, ఫాంట్ లేకపోతే తెలుగు కనిపించదు. అప్పట్నించి ఫాంట్ల ఫోల్డర్ కూడా బ్యాకప్‌లో వేస్తున్నా. మీకు ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఉంటే దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో ముందే చూసుకోండి, చాలామంది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి అయిపోయిందనుకుంటారు.

డిస్క్ విషయానికొస్తే బ్యాకప్‌కి మామూలు 1 టీబీ హార్డ్ డిస్క్ చాలు, ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) ఎక్కువ పెట్టక్కర్లేదు, పైగా కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడుంటే ఎస్ఎస్‌డీలో డేటా పోయే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ అయితే మాత్రం ఆలస్యం చేయొద్దు. హార్డ్ డిస్క్ చాలాసార్లు చచ్చేముందు టిక్కుటిక్కుమంటుంది, స్లో అవుతుంది, ఎస్ఎస్‌డీ చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది.

కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ కూడా ఇవాళే రాసి పెట్టుకోండి. చాలా వాటిలో డిస్క్ దానంతటదే లాక్ అయి ఉంటుంది, మదర్‌బోర్డు పోయి డిస్క్ ఇంకోదానికి పెడితే 48 అంకెల కీ అడుగుతుంది. మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది.