మాట పెరిగిందని మానేయాలా?

ప్రశ్న: మేం కొంతమంది ఇరుగుపొరుగువాళ్లం నెలకోసారి మా ఇంట్లో కూర్చుని భక్తి, పెళ్లి, పిల్లల పెంపకం వంటివి మాట్లాడుకుంటాం. కిందటిసారి ‘దేవుడు ఉన్నాడా’ అన్న చర్చ ముదిరి, ఒక కుర్రవాడు “ఈ కాలంలో కూడా ఇవన్నీ నమ్ముతారా?” అని నవ్వాడు. ఒక పెద్దావిడ లేచి వెళ్లిపోయారు. నేను నోరు మెదపలేకపోయాను. ఇక ఇవన్నీ మనకెందుకంటున్నారు మావారు. మానేయమంటారా?

జవాబు: మానకండి. అయితే ముందు ఆ పెద్దావిడ ఇంటికి మీరే వెళ్లండి. ఫోనులో నాలుగు ముక్కలు పంపి ఊరుకోవద్దు. “అతని ఉద్దేశం అది కాదు” అని సర్దిచెప్పనూ వద్దు. ఆ మాట వచ్చినప్పుడు ఆపవలసింది నేనే, ఆపలేకపోయాను, బాధగా ఉంది అనండి. తర్వాత ఆవిడ ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వినండి. మళ్లీ రమ్మని మాత్రం ఒత్తిడి చేయకండి.

కుర్రవాడితోనూ విడిగా మాట్లాడండి. నమ్మనని చెప్పే హక్కు అతనికి నిండుగా ఉంది, నమ్మేవారిని చూసి నవ్వే హక్కు లేదు. ఈ తేడా చెబితే చాలామంది గ్రహిస్తారు.

అసలు చిక్కు మీరు ఎంచుకున్న ప్రశ్నలోనే ఉంది. ఉన్నాడా లేడా అంటే ఎవరైనా రెండు జట్లుగా చీలిపోతారు. “ఈ నమ్మకం మీకు ఎవరి వల్ల, ఎప్పుడు కలిగింది? ఎప్పుడైనా సందేహం వచ్చిందా?” అని అడిగి చూడండి. జవాబుగా ఎవరి జీవితం వారు చెప్పుకుంటారు. జీవితాన్ని ఖండించడానికి ఎవరికీ అంత తేలిగ్గా నోరు రాదు.

1994 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్‌లో, గర్భస్రావాలు చేసే రెండు క్లినిక్‌లలో ఒకడు కాల్పులు జరిపి ఇద్దరు ఉద్యోగినులను చంపాడు. ఆ తర్వాత గర్భస్రావ హక్కు కోరే ముగ్గురు, దాన్ని వ్యతిరేకించే ముగ్గురు మహిళా నాయకులు రహస్యంగా కలుసుకోసాగారు. వారిని కూర్చోబెట్టిన లారా చేసిన్ కుటుంబ సమస్యలకు చికిత్స చేసే నిపుణురాలు. ఎదుటిపక్షాన్ని ఏ పేరుతో పిలవాలన్న దగ్గరే చాలా ఇబ్బందిపడ్డారట. ఐదేళ్లకు పైగా మాట్లాడుకుని, 2001లో తమ అనుభవాన్ని పత్రికలో రాశారు. ఎవరి అభిప్రాయమూ మారలేదు, సరికదా ఇంకా గట్టిపడింది. అయినా ఒకరంటే ఒకరికి గౌరవం, ఆప్యాయత ఏర్పడ్డాయి. నెత్తురు చిందిన చోటే అది సాధ్యమైంది కదా, మీ గదిలో ఎందుకు కాదు?

మాట వేడెక్కినప్పుడు మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ చెప్పిన పద్ధతి పాటించండి. ఎదుటివారి మాటను ముందు మనం తిరిగి చెప్పాలి. “అవును, నేనన్నది అదే” అని వారు ఒప్పుకున్నాకే మన వంతు. మొదట్లో కృతకంగా ఉంటుంది, కానీ గొంతులు తప్పకుండా దిగుతాయి. మాట్లాడటం ఇష్టం లేనివారిని ఆ పూట వదిలేయండి. ఎగతాళి వినిపిస్తే మాత్రం అక్కడికక్కడే “ఒక్క నిమిషం ఆగుదాం” అనడం మీ బాధ్యత. ఈసారి మొహమాటపడకండి.

మీవారి మాటా తోసిపుచ్చదగ్గది కాదు, అది ఆయన ఇల్లు కూడా. ఆయనకు ఇబ్బంది చర్చ వల్లా, లేక గొడవ ఇంట్లో జరగడం వల్లా? అడిగి తెలుసుకోండి. రెండోదే అయితే కొన్నాళ్లు మరో చోట కలుసుకోండి.