ఎలుగుబంటి బొమ్మ కన్నా రెడ్‌హిల్స్ చెరువు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో వాతావరణ మార్పు మీద ఫొటోల ప్రదర్శన పెడుతున్నాం. పోయినసారి కరిగే మంచు, ధ్రువపు ఎలుగుబంటి బొమ్మలు పెడితే అందరూ ‘పాపం’ అని వెళ్లిపోయారు. ఈసారి ఏవి పెట్టాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఆ బొమ్మలు నిజమైనవేనమ్మా. కానీ చూసినవాళ్లకి ‘ఎక్కడో, ఎవరికో’ అనిపిస్తుంది. మీ వాళ్లకి చెన్నైకి తాగునీరిచ్చే రెడ్‌హిల్స్ చెరువు చూపించండి. 2018 జూన్‌లో నీళ్లున్న ఆ చెరువు 2019 జూన్‌కి దాదాపు ఎండిపోయింది. ఐరోపా వాళ్ల వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. మబ్బు లేని రోజు చూసుకుని, రెండేళ్లకీ ఒకే జూమ్‌లో తీసుకోండి. నెల కూడా ఒకటే ఉండాలి. డిసెంబరు చిత్రం పక్కన జూన్‌ది పెడితే మోసమే అవుతుంది, ఏ ఏడాదైనా వేసవికి చెరువు తగ్గుతుంది కదా. చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 10 మీటర్లు కాబట్టి 10 కిలోమీటర్ల వెడల్పు చిత్రంలో అడ్డంగా ఉండేవి వెయ్యి చుక్కలే. ఏ4 సైజు దాటితే మసకబారుతుంది.

ఫొటో కింద రాసే మాట దగ్గర చాలా జాగ్రత్త. చెన్నై వరద ఫొటో పెడతారనుకోండి. 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో నగర శివారు తాంబరంలో 24 గంటల్లో 494 మి.మీ. వాన పడింది. ఆ వానను పరిశీలించిన శాస్త్రవేత్తలకు భూతాపం ప్రభావం స్పష్టంగా కనిపించలేదు. వరదకి చెరువుల ఆక్రమణ కూడా ఒక కారణం. ‘ఇదే వాతావరణ మార్పు’ అని రాస్తే తెలిసినవాళ్లు మిగతా ఫొటోల్నీ నమ్మరు. ‘వేడెక్కే గాలి తేమను ఎక్కువ పట్టుకుంటుంది, కుండపోత వానల ముప్పు పెరుగుతుంది’ అని రాయండి చాలు.

భయపెట్టే ఫొటోలే వరసగా పెట్టొద్దు. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నష్టాన్ని చూపే చిత్రాలు ‘ఇది ముఖ్యమే’ అనిపించాయి గానీ ‘నా వల్ల ఏమవుతుంది’ అన్న నిస్సహాయతనూ పెంచాయి. రాజకీయ నాయకుల ఫొటోలైతే విషయం మీద ఆసక్తినే తగ్గించాయి. వాళ్లవి అసలు వద్దు.

అందుకే ప్రతి నష్టం పక్కన ఒక పని చూపించండి. మీ డాబా మీది వాననీటి గొట్టం ఫొటో తీసి, ‘100 చదరపు మీటర్ల డాబా మీద 10 మి.మీ. వాన పడితే వెయ్యి లీటర్లు, వృథా పోగా సుమారు 800’ అని రాయండి. ఆ నీటిని వడకట్టే ఫిల్టరు గుంతను మూత తీసి, కంకర, ఇసుక పొరలు కనిపించేలా పైనుంచి తీయండి. మూత వేసి తీస్తే అదేమిటో ఎవరికీ తెలియదు.